మెదకు చర్చి నేర్పిన మాట



ఇంగ్లండులో కాంటర్‌బరీ యనగానే అచ్చటి పెద్ద చర్చి జ్ఞప్తికి వచ్చును. తెలుగునాట అట్టి పట్టణము మెదకు. ఇటీవల మేము రాయచూరునుండి పోయి దానిని చూచి వచ్చితిమి.

ఆ యూరికి మెతుకుదుర్గమని పూర్వనామము. మొదటి ప్రపంచయుద్ధకాలమున కరవు ఆ సీమను పీడింపగా, మతగురువు పాస్నెట్ దొరగారు ఆకలిగొన్నవారికి చర్చి కట్టడమున పని కల్పించి తిండి దొరకునట్లు చేసిరి. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠితమయ్యెను. శిఖరము ఎత్తు సుమారు 175 అడుగులు. రంగుటద్దముల కిటికీలలో క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము పగటి వెలుతురున ప్రకాశించును. పిమ్మట కొండపై కోటను, మంజీర పాయలనడుమ ఏడుపాయల వనదుర్గను దర్శించితిమి.

మన జిల్లాకును కరవు క్రొత్త గాదు. వానలు తప్పిన యేట మనము గంజి పోసి తృప్తి చెందుచున్నాము. వృద్ధులకు, రోగులకు అది యుండవలసినదే. ఒడలు వంచగలవారికి మాత్రము చెరువుల పూడిక తీయు పని చూపి కూలి యిత్తము. తెలుగువారా, కన్నడిగులా యని చూడవలదు. ఈ నేల మనకందరకును మెతుకు పెట్టినది. అందులకై వేసవికి ముందే నిధి చేర్చవలెనని మా మనవి.