పాతగోడకు కొత్తపూత

పాత యిల్లు బాగు చేయించుకొనదలచిన గృహస్థునకు మొదట దొరకు సలహా ఒక్కటే: పై పూత చెక్కివేసి సిమెంటు కొట్టించండి, ఇక నూరేళ్లదాక చూడనక్కరలేదని. ఆ సలహా చెప్పువాడు పరాయివాడు కాడు. బావమరిదియో, మేస్త్రియో, ప్రక్కయింటి పెద్దయో అయి యుండును. ఆ ప్రకారము డబ్బు పోసి నున్నగా తీర్చుకొన్న గోడలకు రెండు మూడు వర్షకాలములు గడచునప్పటికి మోకాలెత్తున చెమ్మ ఎక్కును, రంగు పొంగును, పూత గోడను విడిచి డొల్లగా మ్రోగును. ఇసుక పాలు ఎక్కువైనదేమో, సిమెంటు పాతబడినదేమో యని మరల మరియొక పూత పూయింతురు. లోపము సిమెంటులోను లేదు, ఇసుకలోను లేదు. ఆ గోడకును ఆ పూతకును పొత్తు కుదరలేదు.

మన పూర్వుల గోడ మట్టితోనో, ఇటుకతోనో, రాతితోనో కట్టినది. ఇటుకను, రాతిని కలుపునది సున్నము. నేలచెమ్మను పునాదిలోనే అడ్డగించు పొర దానికి లేదు. నేలలోని తడి గోడలోనికి ఎక్కును, గాలికి ఎండకు మరల బయటికి పోవును. వచ్చిన తడి పోవుచుండుటయే ఆ గోడకు ఆరోగ్యము. సున్నపు పూతలో కంటికి కానరాని సన్నని రంధ్రములుండుటచే ఆ దారి తెరచియే యుండును. గట్టి సిమెంటు పూత ఆ దారిని చాలవరకు మూసివేయును. పోవ దారిలేని తడి పైకి ఎగబ్రాకును. దానితో కరగివచ్చిన లవణములు పూత వెనుక పేరుకొని, స్ఫటికములై, ఇటుకను పొడిపొడిగా రాల్చును. గోడలో దూర్చిన దూలముల కొనలు తడికి నాని చీకిపోవును. అంతేకాదు, పాతగోడ ఎండలకు వానలకు కొంచెము కదలుచుండును. సున్నము ఆ కదలికకు ఓర్చుకొనును. సిమెంటు ఓర్వక చీలును. ఆ చీలికగుండ వాననీరు లోపలికి పోవును గాని, వెలికి రాజాలదు.

సున్నము సంగతి కొంచెము విచారింపదగినది. సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చినప్పుడు అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నము మిగులును. నీరు పోయగా అది కుతకుత ఉడికి తడిసున్నమగును. గోడకు పూసిన పిమ్మట, గాలిలోనున్న ఆ వాయువునే నెమ్మదిగా తిరిగి గ్రహించి, మరల రాయి యగును. ఇది ఒకనాటి పని కాదు, నెలలు పట్టును. మన పనివారు సున్నమును ఇసుకతో కలిపి, ఎడ్లు త్రిప్పు గానుగలో మెత్తగా నలిపించి, కరక్కాయలు నానిన నీటిని, బెల్లపు నీటిని చేర్చెడివారు. నున్నని గచ్చునకు కోడిగ్రుడ్ల తెల్లసొన కూడ వాడినారు. వంటయింటి సరకు గోడకేల యని నవ్వువారున్నారు. ఆ నవ్వు తొందరపాటని మా అభిప్రాయము. సిమెంటు వయస్సెంత? ఆంగ్లదేశములో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు పోర్ట్‌లండు సిమెంటుకు హక్కు పొందినది 1824లో. అంతకు పూర్వపు కట్టడములలో దానికి చోటే లేదు.

అయితే పాత కట్టడములకు చేటు సిమెంటుతోనే మొదలు కాలేదు. భక్తితో చేసిన చేటు ఒకటున్నది. 19వ శతాబ్దిలో ఆ ఆంగ్లదేశముననే ప్రాచీనమైన చర్చీలను ఉద్ధరింపవలెనను ఉత్సాహము ప్రబలినది. గోడలపై శతాబ్దులుగా నిలిచిన పూతలను గోకివేసి, నడుమ కాలములవారు చేర్చిన భాగములను తొలగించి, ఆదిలో ఇట్లుండెడిదని తాము ఊహించిన రూపమునకు వాటిని దిద్దసాగినారు. ట్యూక్స్‌బరీ అనుచోట గల పెద్ద చర్చికి ఆ దశ పట్టబోవుచున్నదని విని, కవియు చిత్రశిల్పియు నైన విలియం మోరిస్ 1877 మార్చిలో ఒక పత్రికకు తీవ్రమైన లేఖ వ్రాసినాడు. ఆ సంవత్సరముననే మిత్రులతో కలసి ప్రాచీన కట్టడముల రక్షణకై సంఘమును స్థాపించినాడు. ఆ సంఘము నేటికిని పనిచేయుచున్నది. సభ్యులు తమలో తాము దానికి పెట్టుకొన్న ముద్దుపేరు 'గోకుడు వ్యతిరేకి' అని! మోరిస్ వాదము సులభమైనది: చిల్లు పడిన కప్పును కప్పవచ్చును, ఒరిగిన గోడకు ఊత పెట్టవచ్చును, గతించిన శతాబ్దములవారి చేతిపనిని మాత్రము మనము మరల చేయజాలము, చేసితిమనుకొన్నచో అది నకలు.

మోరిస్ కొలిచినవి చర్చీలను మాత్రమే కాదు. ఆయన కెల్మ్‌స్కాట్ గృహమునకు కొద్ది దూరములో, గ్రేట్ కాక్స్‌వెల్ గ్రామమున, 13వ శతాబ్దములో ఒక క్రైస్తవ మఠమువారు కట్టించిన ధాన్యపు కొట్టము కలదు. అతిథులను దానిని చూపుటకు తీసికొనిపోవుట ఆయనకు వేడుక. రాతిగోడలు, రాతిపెంకుల కప్పు; లోపల ఓకు కర్ర స్తంభములు ఎత్తైన రాతి దిమ్మెలమీద నిలిచియున్నవి. కర్రకు నేల తగిలిన చెమ్మ ఎక్కునని వారికి తెలియును. మన లోగిళ్లలో టేకు స్తంభము క్రింద రాతి పీట వేసిన వడ్రంగికిని అది తెలియును.

మన చెంతనే గోలకొండ కుతుబ్‌షాహీ సమాధులను చూడుడు. 20వ శతాబ్దములో వాటిని బాగుచేయు తలంపుతోనే గుమ్మటములమీద, గోడలమీద సిమెంటు పూసినారు. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ, రాష్ట్ర ప్రభుత్వముతో కలసి అచ్చట పని ప్రారంభించినప్పుడు, ఆ సిమెంటును ఊడదీసి మరల సున్నపు గచ్చు పూయుట ఒక పెద్ద కార్యమైనది. మరమ్మతుకు మరమ్మతు! ఆ ఆవరణలోని పెద్ద బావి గోడ వానలకు కూలగా దానిని తిరిగి కట్టినారు. 2022లో గోలకొండ మెట్లబావుల పునరుద్ధరణమునకు యునెస్కో పురస్కారము లభించినది. సున్నపు పని తెలిసిన చేతులు మరల పనికి వచ్చుట అంతకంటె సంతోషకరము.

ఇక చేర్పుల మాట. పాత యింటిలో కాపురముండువారికి స్నానపుగది కావలెను, విద్యుద్దీపములు కావలెను, కోడలికి గాలి తగులు వంటయిల్లు కావలెను. యింటిని ప్రదర్శనశాలవలె ఉంచి మీరు కష్టపడుడని మేము చెప్పము. చేర్పు పాత గోడమీద బరువు మోపరాదని మాత్రము చెప్పుదుము. మట్టిగోడల మిద్దెపై కాంక్రీటు మేడ ఎత్తుట ముసలివాని నెత్తిన ధాన్యపు బస్తా పెట్టుటయే. పెరటివైపున, తన పునాదిమీద తాను నిలుచునట్లు, కొత్తది కొత్తదిగానే కనబడునట్లు కట్టిన బాగుండును. కోవెంట్రీ నగరములోని ప్రధాన చర్చి 1940 నవంబరు 14 రాత్రి బాంబులచే కాలిపోయినది. వాస్తుశిల్పి బేసిల్ స్పెన్స్ ఆ శిథిలములను తొలగింపలేదు, వాటికి పాతరూపు తెప్పింపనూ లేదు. వాటి ప్రక్కనే, ఎర్రని ఇసుకరాతితోనే, తన కాలపు రీతిలో కొత్త చర్చిని నిర్మించినాడు. 1962 మే 25న దానికి ప్రతిష్ఠ జరిగినది. పాతది పాతదిగా, కొత్తది కొత్తదిగా, చేయి చేయి పట్టుకొన్నట్లున్నవి.

ధాన్యపు కొట్టములను నివాసములుగా మార్చుట పశ్చిమ దేశములలో సాధారణమైనది. కొట్టమునకు ప్రాణము దాని లోపలి అఖండమైన ఖాళీ; అంతస్తులు వేసి, గదులుగా కోసి, కిటికీలు పొడిచినచో పేరు మాత్రమే మిగులును. మన మండువా లోగిలికిని అంతే. నాలుగు చూరుల నడుమనున్న ఆకాశమే ఆ యింటికి ప్రాణము. కోతుల బాధకో, దొంగల భయమునకో దానిపై పలక పోసినవారి యిండ్లు పట్టపగలే దీపము కోరుచున్నవి. ఇనుప జాలి చాలును. వాన కూడదనుకొన్నచో, చూరులకంటె ఎత్తుగా, నాలుగు ప్రక్కల గాలి పోవునట్లు తేలికయైన కప్పు వేయవచ్చును. వలదనుకొన్ననాడు దానిని విప్పవచ్చును.

పని ప్రారంభించువారు గోడకంటె ముందు కప్పును చూడవలెను. పగిలిన పెంకులు మార్చి, చూరునీరు గోడ మొదట పడకుండ దూరముగా పోవునట్లు చేసినచో సగము చెమ్మ దానంతట అదే తగ్గును. సిమెంటు పూత ఉన్నచోట దానిని మోటుగా కొట్టక, లోపలి ఇటుక చెడకుండ కొద్దికొద్దిగా ఊడదీసి, గోడను కొన్ని నెలలు ఆరనీయవలెను. పిదప ఒక గోడకు మాత్రము సున్నము పూయించి, ఒక వర్షకాలము చూచి, తక్కినవాటికి పూనుకొనుట మేలు. సున్నపు పూత ఎండకు తొందరగా ఆరరాదు. తడి గోనెలు కట్టి కాపాడవలెను. కనుక దసరా వెళ్లిన తరువాత పని మొదలుపెట్టి, ఎండలు ముదరకమునుపే ముగించుకొనవలెను.