ఎందుకు వచ్చారు?
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మేము ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. ఆసుపత్రి లెక్కలు మాకేం తెలుసు? అయినా ఒక దెబ్బ తిని నేర్చుకున్నాం.

మా అమ్మీజాన్‌కు గుండె దడదడలాడి చెమటలు పోస్తే దవాఖానాకు తీసుకుపోయాం. ఏమైందని అడిగితే ఆమె "ఘబ్రాహట్" అన్నది. రాసుకునే అమ్మాయి "భయం" అని రాసింది. మేమూ చూసుకోలేదు. తర్వాత బీమావారు బిల్లు తిప్పి పంపారు, భయానికి గుండె పరీక్షలెందుకని!

ఎందుకు వచ్చారో రాసిన మాటకూ, చేసిన పరీక్షలకూ పొంతన ఉందా అనే వారు చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఐసీడీ-10 పట్టికలో గుండెదడ అంకె ఆర్ 00.2, కంగారుది ఆర్ 45.0. మాట మారితే అంకె మారిపోతుంది. డాక్టరుగారు తమ నోట్సు చూసి సవరణ పత్రం ఇచ్చాకనే డబ్బు చేతికొచ్చింది. అందాకా ఇంట్లో గాజులు తాకట్టులోనే ఉన్నాయి.

కాబట్టి మా మనవి ఒక్కటే. ఏ బాధ, ఎప్పటినుంచి, ఎంతసేపు, ఈ మూడూ విడమరిచి చెప్పండి. "ఊరికే చూపించుకుందామని" అనకండి. లేనిది కల్పించి రాయించనూ వద్దు. కిటికీ దగ్గర్నుంచి కదిలేముందే చీటీ చదివించుకోండి. తెలుగు వచ్చిన పిల్లల్ని వెంట తీసుకుపోండి.

సెలవు. ఖుదా హాఫిజ్.