కడుపు నిండితే చాలదు, మేతలో సత్తువ ఉండాలి



మేత కొరత గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ ఆ మేతలో ఏముందో మాట్లాడుకుందాం. కంటికి అన్నీ గడ్డే, కానీ వాటిలోని ఖనిజ లవణాలు ఒక్కతీరుగా ఉండవు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో వెనుకట జొన్న చొప్ప ఉండేది. కంచెల్లో పశువులు పది రకాల గడ్డి, తీగలు, ఆకులు మేసేవి. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో దొరికేది. ఇప్పుడు వరి పెరిగింది, కంచెలు తగ్గాయి. చాలా కొట్టాల్లో వరిగడ్డే దిక్కయింది. దాంట్లో భాస్వరం బహు తక్కువ. ఉన్న కాస్త కాల్షియాన్ని కూడా అందులోని ఆక్సలేట్లు ఒంటికి పట్టనీయవు. బర్రె బొక్కలు, గుడ్డపేలికలు నములుతుంటే అది చాలావరకు భాస్వరం కొరతే.

మన నేలకు ఇంకో చిక్కుంది. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండలో ఫ్లోరోసిస్‌తో పిల్లల కాళ్లు వంకరపోవడాన్ని పరిశీలించారు. ఫ్లోరైడ్ ఊళ్లలో పండిన జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువున్నట్టు గమనించారు. మేతలో మాలిబ్డినం ఎక్కువైతే పశువుకు రాగి అందదు. నల్ల వెంట్రుక ఎర్రబారుతుంది, ఎదకు రావడం ఆలస్యమవుతుంది.

మన చేతిలో ఉన్నది చేసుకుందాం. పప్పుజాతి మేతలో గడ్డిజాతి కంటే రెండు మూడు రెట్లు కాల్షియం ఉంటుంది. వరి కోసినాక పిల్లిపెసర చల్లుదాం. గట్ల మీద అవిశ, సుబాబుల్ పెడదాం. సుబాబుల్ మాత్రం మేతలో మూడో వంతు దాటొద్దు. బీడులో అంజన్ గడ్డితో పాటు స్టైలో వేద్దాం. తౌడులో భాస్వరం ఉంది గానీ కాల్షియం చాలా తక్కువ, కాబట్టి తౌడు ఒక్కటే చాలదు. పాలిచ్చే బర్రెకు రోజూ 50 గ్రాముల లవణ మిశ్రమం పెట్టాలి. అదే మిశ్రమం గొర్రెలకు పెట్టొద్దు. రాగి ఎక్కువైతే గొర్రె ప్రాణానికే ముప్పు.

అందుకే అందాజాగా కాదు, పరీక్ష చేసి చెప్పాలని అడుగుతున్నాం. 2017లో ప్రభుత్వం 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది. జీవాలను ఇస్తే సరిపోదు, అవి మేసే నేల కూడా ఉండాలి. ఊరూరా మేత, మట్టి, నీటి నమూనాలు పరీక్షించాలి. మన ప్రాంతానికి తగిన లవణ మిశ్రమం పశువైద్యశాలల్లో సబ్సిడీపై ఇవ్వాలి. మిగిలిన కంచెలను, గైరాన్ భూములను మేతకే ఉంచాలి. ఈ మూడు డిమాండ్లను వచ్చే గ్రామసభల్లో తీర్మానాలుగా పెడదాం.