గర్భసంచి అప్పు అడిగితే
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు మాట్లాడినది)

మా సంఘం పొదుపు, అప్పుల లెక్కలు రిపోర్టులో వచ్చాయి కాబట్టి మళ్లీ చదవడం లేదు. ఒక్క అప్పు సంగతి చెప్తాం.

పోయిన వేసవిలో మా సభ్యురాలు ఒకామె నలభై వేలు అడిగింది. వయసు 34. నెలసరి వస్తే పది రోజులైనా ఆగడం లేదు, రక్తం గడ్డలుగా పోతోంది, ప్రైవేటులో గర్భసంచి తీసేయాలన్నారు అంది. ఇదివరకైతే వెంటనే తీర్మానం రాసేవాళ్లం. అలా రెండు అప్పులిచ్చాం కూడా. వాళ్లలో ఒకామెకు అండాశయాలు కూడా తీశారంట, ఆ సంగతి ఆమెకు తర్వాతే తెలిసింది. ఇప్పుడు ఒళ్లంతా ఆవిర్లు, కూలికి పోలేకపోతోంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేస్తే, మన ఆంధ్రాలో దాదాపు తొమ్మిదిమందికి తీశారు. అందుకే ఈసారి ఆగాం. ఆశా కార్యకర్తను తోడు పెట్టుకుని ఆమెను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ చూస్తే రక్తం 7.4. కనీసం 12 ఉండాలి. స్కానింగులో ఏమీ లేదు, థైరాయిడ్ బాగానే ఉంది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ట్రానెక్సామిక్ మాత్రలు ఎక్కువ పోయే రోజుల్లోనే వేసుకోవాలి, చాలామందికి సగం దాకా తగ్గుతుంది. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన జబ్బు ఉన్నోళ్లు వాడకూడదు. హార్మోన్ మాత్రలైతే డాక్టరు చెప్పిన లెక్క తప్పకూడదు, బీపీ ఉంటే ముందే చెప్పాలి. హార్మోన్ లూప్ వేరు, కాపర్-టీ వేరు. కాపర్-టీతో రక్తం ఎక్కువ పోవచ్చు. హార్మోన్ లూప్ వేసిన మొదటి మూడు, ఆరు నెలలు కొంచెం కొంచెం కనపడుతూ ఉంటుంది, తర్వాత ఐదేళ్ల దాకా పనిచేస్తుంది. కొందరికి నెలసరే ఆగిపోతుంది. చెడు రక్తం లోపల ఉండిపోతుందేమోనని మేమే అడిగాం, అలా ఏమీ ఉండదంది. పిల్లలు ఇక వద్దనుకున్నవాళ్లకు సంచి లోపలి పొరను మాత్రం కాల్చే పద్ధతి కూడా ఉందంట. తీసేయడం ఆఖరుది. తీస్తే రక్తం పోవడం ఖాయంగా ఆగుతుంది గానీ, మళ్లీ పెట్టలేరు కదా!

మా ఆమె లూప్ అంటే భయపడి మాత్రలే తీసుకుంది, ఐరన్ కూడా. నాలుగు నెలలకు రక్తం 10.6కి వచ్చింది, నెలసరి ఆరు రోజులకు దిగింది. నాట్లకు పోతోంది.

ఆపరేషనే వద్దని మేము అనడం లేదు. మాలోనే 46 ఏళ్ల అక్కకు పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డలుంటే, మందులకు లొంగకపోతే, ముక్క పరీక్ష చేయించి తీయించారు. ఆ అప్పు అదే రోజు ఇచ్చాం. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక మళ్లీ చుక్క కనపడినా సంఘం మీటింగు దాకా ఆగొద్దు, వెంటనే చూపించుకోండి.

ఇప్పుడు అర్జీ వస్తే రక్తం ఎంత, స్కానింగు ఏమంది, ఏ మందులు వాడారు, అండాశయాలు ఉంచుతారా అని అడుగుతున్నాం. ఆడవాళ్ల సంగతి అందరిలో ఏందని మొదట్లో కొందరు తల దించుకున్నారు. ఇప్పుడు వాళ్లే ముందు అడుగుతున్నారు. ఆ 34 ఏళ్లామె అర్జీ ఇంకా మా పుస్తకంలోనే ఉంది, కొట్టేయలేదు. ఎప్పుడైనా నిజంగా అవసరం పడితే ఇస్తామని చెప్పాం.