తాత గోండీలో చెప్పిన సాక్ష్యం ఎవరు రాయాలి?



మంత్రి వస్తే గుస్సాడీ, కలెక్టర్ వస్తే గుస్సాడీ. పది నిమిషాలు ఆడతారు, శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు, అయిపోయింది. 2021లో మార్లవాయి కనకరాజు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా గర్వపడ్డాం. పడాల్సిందే. కానీ ఊళ్లో దండారి ఎట్లా ఉంటదో మీకు తెలుసు కదా. దీపావళి రోజుల్లో ఒక ఊరి దండారి ఇంకో ఊరికి చుట్టంగా పోతుంది. ఆ ఊరు అన్నం పెడుతుంది. రాత్రంతా డోలు మోగుతుంది. పెద్దలు ఓ పక్కన కూర్చుని మాట్లాడుకుంటారు, పెళ్లి సంబంధాలు అక్కడే కుదురుతాయి. స్టేజీ మీదికి నెమలి ఈకల టోపీ ఎక్కింది గానీ, ఆ రెండు ఊళ్ల చుట్టరికం ఎక్కలేదు.

మన సమాజాన్ని నడిపేది ఆ చుట్టరికమే. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగాలున్నాయి. ఒకే సగా వాళ్లు అన్నదమ్ముల లెక్క, వాళ్ల మధ్య పెళ్లి లేదు. డిగ్రీలో సోషియాలజీ పుస్తకంలో బంధుత్వ వ్యవస్థ అని పెద్ద చాప్టర్ ఉండేది. మా వాడలో పదేళ్ల పిల్లకు అది నోటిమీద ఉంటది. ఇంటిపేరు చెప్పగానే ఎవరు అన్న, ఎవరు బావ అని తేల్చేస్తుంది. ఏ అసెంబ్లీ చేసిన చట్టం ఇది? ఎవరూ రాయలేదు. మాటలో ఉంది, పాటలో ఉంది, పూజలో ఉంది.

కెస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వాళ్ల కొత్త కోడళ్లకు భేటింగ్ చేస్తారు. తెల్ల చీరలు కట్టుకుని దేవుడి ముందుకు, పెద్దల ముందుకు వచ్చాకనే ఆ పిల్ల ఆ వంశంలో పూర్తిగా చేరినట్టు. ఇక వంశాల కథ మొత్తం పాడేది పర్ధాన్లు, కిక్రీ వాయిస్తూ. మన దగ్గర చాలామంది పర్ధాన్లు ఇంట్లో మాట్లాడేది మరాఠీ. అయినా గోండుల కథ గోండీలోనే పాడతారు. తమ ఇంటి భాష కాకపోయినా వాళ్లు మోసుకొచ్చారు. ఇప్పుడు ఆ పాట వినే మన పిల్లల్లో ఎంతమందికి అర్థమవుతోంది? మీరే చెప్పండి.

"ఇంగ్లిష్ వస్తే ఉద్యోగం వస్తది, గోండీతో ఏమొస్తది" అని మన ఇళ్లలోనే అంటున్నారు. నేను చదివిన బడిలో గోండీ మాట్లాడితే తోటి పిల్లలు నవ్వేవాళ్లు, సారు కూడా నవ్వేవాడు. ఆ నవ్వు చాలు, పిల్ల నోరు మూసుకోవడానికి. ఇంగ్లిష్ కావాలి, నేను వద్దనను. కానీ ఒకటి నేర్వాలంటే ఇంకోటి పారేయాలని ఎవరు చెప్పారు? ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ ఆర్టికల్ ఉంది. అది 1956లో చేర్చింది. 1940లలోనే హైమెన్‌డార్ఫ్ ఉన్నప్పుడు మార్లవాయిలో గోండీ వాచకాలతో బడి నడిచింది. అంటే కుదరని పనేమీ కాదు.

ఉద్యోగం సంగతి అట్లా ఉంచండి, భూమి సంగతికి వద్దాం. అటవీ హక్కుల చట్టం 2006 కింద వచ్చిన నిబంధనల్లో 13వది తీసి చదవండి. ఏవి సాక్ష్యాలుగా చెల్లుతాయో అందులో జాబితా ఉంది. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. ఊళ్లో మునుపటి నుంచి ఉన్నవాళ్ల దాకా చూపించే వంశక్రమం ఉంది. రాతలో పెట్టిన పెద్దల వాంగ్మూలం ఉంది. ఇవన్నీ ఎక్కడున్నాయి? బీరువాల్లో లేవు. తాత నోట్లో ఉన్నాయి, గోండీలో ఉన్నాయి. కోయ ఊళ్లో కోయలో, కొలాం గూడెంలో కొలామీలో ఉన్నాయి.

తాత గంటసేపు చెప్తాడు. ఫలానా వాగు దాటాక ఫలానా చెట్టు, దాని కింద మా దేవుడు, ఆ పక్కన మా ముత్తాతను పెట్టిన చోటు, ఆ తర్వాత మేం దున్నిన చేను. బయటి నుంచి వచ్చి రాసేవాళ్లకు భాష రాదు. "చాలాకాలంగా సాగు చేస్తున్నారు" అని తెలుగులో ఒక్క లైను రాసి వేలిముద్ర వేయించుకుంటారు. వాగు పేరు పోయింది, దేవుడి చోటు పోయింది, ముత్తాత పోయిండు. అంత సన్నని కాగితంతో ఫైలు ఎన్ని రోజులు నిలబడుతుంది? రెండు భాషలూ వచ్చిన డిగ్రీ పిల్లలు ఊరికి ఒకరిద్దరు ఉంటారు. ఆ రోజు మీరు పక్కన లేకపోతే ఇంకెవరూ లేరు.

పెసా చట్టం కూడా అంతే. మన సంప్రదాయాలను, మన పద్ధతిలో తగవులు తీర్చుకోవడాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఉందని 1996 నుంచి రాసి ఉంది. సభ గోండీలో జరిగి తీర్మానం మాత్రం ఎవరో తెలుగులో రాసుకుపోతే నిర్ణయం ఎవరిది? అట్లని మన పద్ధతులన్నీ బంగారమని నేను అనను. రాయి సెంటర్లో ఆడవాళ్ల మాట ఎంత వినపడుతుందో మీకూ తెలుసు. మార్చాలి. మనమే మార్చాలి, మన భాషలో కొట్లాడి మార్చాలి.

లెక్కల విషయం ఒకటి. దేశంలో గోండులం కోటికి పైగా ఉన్నాం. 2011 జనగణనలో మాతృభాష గోండీ అని నమోదైంది దాదాపు 30 లక్షల మంది. మిగతావాళ్లలో కొందరికి భాష నిజంగానే పోయింది. కొందరిని మాత్రం అడగకుండానే వేరే భాష కింద రాసుకున్నారు. ఎనిమిదో షెడ్యూల్‌లో గోండీ లేదని మనం ధర్నా చేస్తాం. 2003లో బోడో, సంతాలీ చేరాయి కదా అంటాం. ఇంటికొచ్చి అడిగినప్పుడు మాత్రం ఆ గడిలో ఏం రాస్తున్నారో చూడం.

ఈ దీపావళికి ఊరికి పోయినప్పుడు ఫోన్ రీల్స్‌కు వాడినంత వాడుకోండి, ఒక్క సాయంత్రం మాత్రం తాత దగ్గర పెట్టండి. ఏడు తరాల పేర్లు అడగండి. వాగుల పేర్లు, గుట్టల పేర్లు, పాత ఊరు ఎక్కడుండేదో అడగండి. గోండీలోనే రికార్డు చేసి, గోండీలోనే రాసి, కింద తెలుగు పెట్టండి. తాతతో సంతకమో వేలిముద్రో వేయించండి. ఒక కాపీ అటవీ హక్కుల కమిటీకి ఇచ్చి రసీదు తీసుకోండి, ఇంకోటి ఇంట్లో ఉంచండి. రాసేటప్పుడు పక్కన చిన్న పిల్లల్ని కూర్చోబెట్టుకోండి.

జై సేవా. జై ఆదివాసీ.