అలజడిలో నిలుకడ

జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురము మండలమునందు చెల్పూరు అను గ్రామము కలదు. కాకతీయ తాపవిద్యుత్ కేంద్రము అచ్చటనే యున్నది. 2010లో 500 మెగావాట్ల యంత్రమును, 2016లో 600 మెగావాట్ల యంత్రమును అచ్చట ఉత్పత్తికి వచ్చినవి. మీ యింటి రేడియో చెల్పూరు విద్యుత్తుతోనే పలుకుచున్నదని నేను చెప్పజాలను. దక్షిణాది విద్యుద్వలయము 2013 డిసెంబరు 31వ తేదీన దేశపు వలయముతో కలిసిన పిదప, ఏ దీపమును ఏ కేంద్రము వెలిగించుచున్నదో విడదీసి చెప్పుట ఎవరి తరమును కాదు. కాని అట్టి కేంద్రపు కొలిమిలో అనుక్షణము ఎదురగు ప్రశ్న యొకటి యున్నది. కొలిమికి గాలి ఎంత ఊదవలెను?

బొగ్గును మిల్లులలో పిండిచేసి, గాలితో కొలిమిలోనికి ఊదుదురు. గాలి చాలకున్నచో బొగ్గు పూర్తిగా కాలక బూడిదతో పోవును. విషవాయువగు కార్బన్ మోనాక్సైడు పుట్టును. గాలి అధికమైనచో ఆ అదనపు గాలి వేడిని మోసికొని పొగగొట్టము వెంట వెడలిపోవును. ఊదుగొట్టముతో పొయ్యి రాజేసిన గృహిణులకు ఈ సంగతి కొత్త కాదు. ఈ రెండు నష్టములకు నడుమ ఒక మేలైన స్థానము కలదు. పొగలో మిగిలిన ఆక్సిజను నూటికి మూడు నాలుగు పాళ్లుండుట సాధారణముగా దానికి గుర్తు. గాలిని అడ్డముగను, నష్టమును నిలువుగను గీచినచో ఒక లోయ యేర్పడును. ఆ లోయ అడుగును చేరుటయే పని. పూర్తి భారముతో నడచు కేంద్రము దినమునకు వేలకొలది టన్నుల బొగ్గును తినును గనుక, నూటికి ఒక పాలు ఆదాయైనను అది లారీలకొలది బొగ్గు.

నీరు పల్లమెరుగు ననుట సామెత. గణితజ్ఞులును నీటినే అనుసరించిరి. నిలిచిన చోట వాలు ఎటున్నదో కనుగొని, ఆ దిక్కుగా ఒక అడుగు వేసి, మరల వాలు చూచి మరియొక అడుగు వేయుట వారి పద్ధతి. ఫ్రాన్సు దేశీయుడగు కోషీ 1847లో దీనిని ప్రకటించెను. లోయ అంతయు కనబడనక్కరలేదు. కాలిక్రింది వాలు తెలిసిన చాలును. చీకటిలో చేతికర్రతో నడచువాని ఉపాయ మిది.

అయితే కోషీ తలచిన లోయ కదలదు. కొలిమిలోని లోయ కదలుచుండును. సింగరేణి బొగ్గు ఒక్కతీరున నుండదు. ఒక పొరలో బూడిద తక్కువ, మరియొక పొరలో ఎక్కువ. వానాకాలమున బొగ్గు తడిసి వచ్చును. వలయమును సెకనుకు 50 ఆవృత్తుల వద్ద నిలుపవలెను, అనగా టర్బైను నిమిషమునకు 3000 చుట్లు తిరుగవలెను. అందుకై భారము పెంచుమనియు తగ్గించుమనియు ఆజ్ఞలు వచ్చుచుండును. ఇవి చాలవన్నట్లు ఆక్సిజను కొలుచు పరికరమే ఒక్కొక్కప్పుడు తప్పు చెప్పును. లోయ కదలును, చేతికర్రయు అబద్ధమాడును. అట్టియెడ ఈ పద్ధతిని నమ్మి కొలిమిని అప్పగింపవచ్చునా?

ఒక చిన్న లెక్క చూతము. మనము అడుగునకు 64 గజముల దూరమున నున్నామనుకొందము. ప్రతి అడుగున ఉన్న దూరములో సగము తగ్గుననియు, ప్రతి మారును అలజడి మనలను ఒక గజము వెనుకకు నెట్టుననియు అనుకొందము. అలజడి ఎన్నడును మనకు మేలు చేయదు, శనివలె ప్రతికూలముగనే యుండును. మొదటి అడుగునకు దూరము 33 గజములు, పిమ్మట పదునేడున్నర, ఆ పిమ్మట పదింటికి కొంచెము తక్కువ, మరి రెండడుగులకు నాలుగు లోపు. ఎంత నడచినను రెండు గజముల లోపలికి పోలేము. కాని రెండింటికి చేరువగుదుము. ఒకమారు చేరిన పిదప దూరముగా పోము. అలజడి రెట్టింపైన హద్దు నాలుగు గజము లగును. అలజడి ఆగిపోయినచో హద్దు కరగి అడుగునకే చేరుదుము. ఎంత దూరమునుండి బయలుదేరితి మన్నది చివరకు మరపున పడును. అలజడి ఎంత యన్నదే మిగులును. అడుగు దగ్గర లోయ చదునుగా నుండును గనుక కొద్ది దూరమున నున్నందుకు కలుగు నష్టము అత్యల్పము. దూరము సగమైన నష్టము నాలుగవ వంతగును.

ఈ నెమ్మది చిన్న అడుగులు వేయువానికే దక్కును. పది గజముల దూరమునకు ఇరువదియైదు గజముల అడుగు వేసినవాడు లోయ దాటి ఆవలి గట్టున పదునైదు గజముల మీద నిలుచును. మరల అదే పాళమున వేసినచో ఈవలి గట్టున ఇరువదిరెండున్నర గజముల మీద. ప్రతి అడుగు వానిని మరింత పైకి విసరును. ఇట్టి లోయలో, దిద్దుబాటు దూరమునకు రెండింతలు మించరాదు. ఆలస్య మున్నచో ఈ హద్దు ఇంకను తగ్గును. ఇప్పటి దూరమును గాక ఒక్క అడుగు క్రిందటి దూరమును చూచి దిద్దువానికి రెండింతల హద్దు ఒక్కింతకు దిగిపోవును. బొగ్గు మిల్లు దాటి, కొలిమిలో మండి, ఆవిరి ఒత్తిడి మారుటకు కొన్ని నిమిషములు పట్టును. నిన్నటి పత్రిక చదివి నేటి ధర బేరమాడినట్లే యుండును ఈ దిద్దుబాటు. నా మట్టుకు ఆలస్యమే అలజడికన్న పెద్ద శత్రువని తోచును. అలజడి కంటికి కనబడును, ఆలస్యము కనబడదు.

నిలుకడను గూర్చిన ఈ శాస్త్రమునకు 1892లో రష్యా గణితజ్ఞుడు ల్యాపునోవ్ పునాది వేసెను. వెలుపలి అలజడి పరిమితమైనచో లోపలి దోషమును పరిమితమే యను భావమునకు 1989లో సోన్‌టాగ్ కచ్చితమైన రూప మిచ్చెను. మనము గజములతో వేసిన లెక్క దాని చిన్నబిడ్డయే.

వాలు తెలియుట ఎట్లన్నది వేరు చిక్కు. గాలిని కొంచెము పెంచి, నష్టము పెరిగెనా తగ్గెనా యని చూడవలెను. ఆ పెంపు మరీ చిన్నదైన అలజడిలో మునిగిపోవును. పెద్దదైన ఆ పరీక్షయే నష్టము తెచ్చును. 1951లో రాబిన్స్, మన్రో అనువారును, 1952లో కీఫర్, వుల్ఫోవిట్జ్ అనువారును, అడుగులను క్రమముగా చిన్నవి చేసికొనుచు పోయినచో దారిలోని తప్పులు ఒకదాని నొకటి సరిపెట్టుకొని గమ్యము చేరవచ్చునని చూపిరి. చక్కని సిద్ధాంతమే. కాని అది నిలిచియున్న లోయకు. అడుగులు చీమనడకకు దిగిన పిదప తడిసిన బొగ్గు వచ్చి లోయ కదలినచో దానిని వెంబడించు శక్తి ఎక్కడిది? కొలిమి వంటి చోట మితమైన అడుగును తగ్గింపక నిలుపుకొనుటయే మేలు. అల్పదోషమును సహించుట ఆ వెంబడించు శక్తికి చెల్లించు మూల్యము.

యంత్రమును స్వల్పముగా అటునిటు ఊపుచు మేలైన స్థానమును వెదకు నేర్పు ఫ్రెంచి ఇంజనీరు లెబ్లాంకు 1922నాటి రచనలోనే కానవచ్చును. ఆ నేర్పు నిలుకడగా నుండునని సాధారణరూపమున గణితముతో నిరూపించినది 2000లో. క్రిస్టిచ్, వాంగ్ అనువారు ఆ పని చేసిరి. నడుమ డెబ్బదియెనిమిది సంవత్సరములు. మన కాలపు కృత్రిమ మేధ యంత్రములకు పాఠములు నేర్పుటయు ఈ వాలు పద్ధతితోనే. అచట సమాచారమంతయు ఒక్కమారు చూడక చిన్న చిన్న భాగములుగా చూతురు గనుక, వాలు ప్రతి అడుగున కొంత తప్పుగనే తెలియును. 1964లో పొల్యాక్ చూపినట్లు, దొర్లు బరువుగుండువలె వెనుకటి వేగమును కలుపుకొని పోయినచో త్వరగా చేరవచ్చును. కాని ఆ గుండు అలజడిని గూడ మోసికొని పోవును.

మరల కొలిమికి వత్తము. దాని లోయకు రెండు గట్టులును సమానము కావు. గాలి ఎక్కువైన వైపు గట్టు మెల్లగా లేచును. అచట పోవునది వేడిమి మాత్రమే. గాలి తక్కువైన వైపు గట్టు నిట్టనిలువు. అచట కాలని బొగ్గు, విషవాయువు, కొలిమి ఆరిపోవు భయము గూడ కలవు. అందుచేత కొలిమిని సరిగా అడుగున నిలుపక, గాలి కాస్త అధికముగా నున్న వైపున కొంత ఎడముంచి నడుపుదురు. అలజడి ఎంత పెద్దదో ఆ ఎడమును అంత పెద్దది. దాని ఖరీదు బొగ్గు రూపమున దినదినము చెల్లుచుండును. ఆక్సిజను కొలుచు పరికరమును శుభ్రముగా నుంచి, బొగ్గును కొలిమికి పంపకముందే కలిపి ఒక్కతీరున చేసినచో, ఆ ఎడమును తగ్గించి అంత బొగ్గును మిగుల్చుకొనవచ్చును.