కుటుంబపు కారు – దాని డిక్కీ



కుటుంబపు కారనగా ముందు ఇంజను, నడుమ మనుషులు, వెనుక డిక్కీ గల సెడానే మనకు స్ఫురించును. ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ అలవరచిన రూపమది. 2014లో అంబాసిడర్ ఆగిపోయినది. 2025లో మారుతి సియాజ్ సైతము నిలిచిపోయినది.

దీనిని కేవలము అభిరుచుల మార్పనుట చాలదు. 2006లో కేంద్ర బడ్జెట్టు, నాలుగు మీటర్లకు మించని చిన్న ఇంజను కార్లపై ఎక్సైజు సుంకమును 24 నుండి 16 శాతమునకు తగ్గించినది. (ఫైలులోని ఒక్క వాక్యము ఇనుమునైనను కత్తిరింపగలదని మన ఉద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు.) 2012లో డిజైర్ తన డిక్కీని కురుచ చేసికొన్నది. ఆ నిబంధనలో పొడవుకు హద్దు కలదు గాని ఎత్తుకు లేదు! 2013లో ఎకోస్పోర్ట్, 2016లో విటారా బ్రెజా ఆ కొలతలోనే ఇమిడి పైకి పెరిగినవి.

అయితే 2019లో మన పెనుకొండ నుండి వెలువడిన సెల్టోస్ నాలుగు మీటర్లు దాటినదే. అయినను జనాదరణ పొందినది. గుంతల రోడ్లు, పెద్దల మోకాళ్ల నొప్పులు ఎత్తైన సీటును కోరుచున్నవి. అది న్యాయమే.

కాని ఎత్తైన బానెట్‌కు చేరువగా నిలిచిన పసివాడు నడుపువానికి కనబడడు. మన క్వార్టర్ల సందులలో పిల్లలాడుకొందురు. కనుక బండి కొనబోవువారు సీటెక్కి చూచుటతో తృప్తిపడక, ముందొక చిన్న స్టూలు పెట్టించి, అది ఎంత దూరమునుండి కనబడునో కూడ చూచుకొనుడు.